పేజీలో ముక్క మారితే కాంపోనెంట్ ఎందుకు మూగబోతుంది

పర్లాకిమిడి, పాతపట్నం పక్కపక్క ఊళ్లే. కానీ మొదటిది ఒడిశాలో గజపతి జిల్లాకు కేంద్రం, రెండోది ఆంధ్రాలో శ్రీకాకుళం జిల్లాలో ఒక మండల కేంద్రం. ఇలాంటి చోట ఒక పార్శిల్ ఆఫీసు ఉందనుకుందాం. కౌంటర్ మీద కంప్యూటర్, అందులో ఒక బుకింగ్ పేజీ. పంపేవారి పేరు, అందుకునేవారి పేరు, చేరాల్సిన చోటు, ఎన్ని పెట్టెలు, ఏ తేదీ, కిరాయి ఎంత, పెయిడా టు-పేనా. చిక్కంతా చేరాల్సిన చోటు దగ్గరే మొదలవుతుంది. రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అంటే కింద జిల్లా, మండలం అడగాలి. ఒడిశా అంటే జిల్లా, బ్లాక్ అడగాలి. జాబితాలు వేరు, వాటి మీద రాసే పేర్లు కూడా వేరు.

దీనికోసం పేజీ మొత్తాన్ని మళ్లీ తెప్పించుకోనక్కర్లేదు. రాష్ట్రం మార్చగానే బ్రౌజర్ సర్వర్‌ని అడుగుతుంది. సర్వర్ ఆ రెండు గడుల హెచ్‌టీఎంఎల్ (పేజీని రాసే కోడ్) మాత్రం పంపుతుంది. పాత ముక్క తీసేసి ఆ చోట కొత్త ముక్క పెడితే సరి. మిగతా పేజీ కదలదు, నింపిన పేర్లు పోవు, కొండ మీది బ్లాకుల్లో సిగ్నల్ సన్నగా ఉన్నచోట కూడా పని త్వరగా అవుతుంది.

అయితే ఒడిశా అని ఎంచుకోగానే కొత్త సమస్య బయటపడుతుంది. బ్లాక్ గడి వస్తుంది, కానీ అంతకుముందు జిల్లా గడిలో ఉన్న టైప్ చేసి వెతికే సౌకర్యం ఇందులో ఉండదు. బోడి డ్రాప్‌డౌన్ ఒకటి కనిపిస్తుంది. తేదీ గడి కూడా ఆ ముక్కలోనే ఉంటే, దాన్ని నొక్కినా క్యాలెండర్ తెరుచుకోదు. ‘ఇంకో పెట్టె’ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. పేజీ రిఫ్రెష్ చేస్తే అన్నీ మళ్లీ బాగుంటాయి. దాంతో కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకి రిఫ్రెష్ కొట్టడం అలవాటైపోతుంది. కొట్టిన ప్రతిసారీ నింపినవన్నీ పోతాయి. ఎదురుగా పార్శిల్ పట్టుకుని నిలబడ్డ మనిషి ఊరూ పేరూ మళ్లీ మొదట్నుంచి చెప్పాలి.

ఇక్కడ సర్వర్ తప్పు లేదు, నెట్‌వర్క్ తప్పూ లేదు. పేజీ ఒక్కసారే పుడుతుందనీ, దానితోపాటే తానూ ఒక్కసారే పుడతాననీ నమ్మి రాసిన కాంపోనెంట్ ఇది. కాంపోనెంట్ అంటే క్యాలెండర్, డ్రాప్‌డౌన్ లాంటి ఒక్కో భాగాన్నీ నడిపే కోడ్. తప్పు ఆ నమ్మకంలోనే ఉంది.

ఆ నమ్మకానికి పాత చరిత్ర ఉంది. పేజీ మార్చకుండా వెనక నుంచి సర్వర్‌తో మాట్లాడే సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో తెచ్చింది. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ ఈ పద్ధతికి అజాక్స్ అని పేరు పెట్టారు. 2006లో జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వచ్చింది. ‘డాక్యుమెంట్ రెడీ అయ్యాక ఈ పని చెయ్యి’ అని ఒక ఫంక్షన్ రాసి, అందులో పేజీలోని క్యాలెండర్లనీ డ్రాప్‌డౌన్లనీ బటన్లనీ వరసగా తట్టిలేపడం అందరికీ అలవాటైంది. డాక్యుమెంట్ రెడీ అయ్యేది ఒక్కసారే. ఆ తర్వాత వచ్చిన ముక్కని లేపేవాళ్లు ఎవరూ ఉండరు. 2013లో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే రూబీ ఆన్ రైల్స్ 4, లింకు నొక్కితే పేజీ బాడీని మాత్రం మార్చే టర్బోలింక్స్‌ని తనతోపాటే ఇచ్చినప్పుడు ఎన్నో సైట్లలో స్క్రిప్టులు మూగబోయింది ఇందువల్లే. 2020 చివర్లో హెచ్‌టీఎంఎక్స్ 1.0, హాట్‌వైర్ అనే లైబ్రరీలు వచ్చి, సర్వర్ నుంచి హెచ్‌టీఎంఎల్ ముక్కలు పంపే పద్ధతికి మళ్లీ ఊపు తెచ్చాయి. వాటితోపాటే ఈ పాత సమస్యా మళ్లీ ముందుకొచ్చింది.

ముక్క మారినప్పుడు బ్రౌజర్ లోపల జరిగేది ఇది. పేజీలో కనిపించే ప్రతి గడికీ, బటన్‌కీ బ్రౌజర్ మెమరీలో ఒక నోడ్ ఉంటుంది. ‘ఈ బటన్ నొక్కితే ఇది చెయ్యి’ అని చెప్పినప్పుడు ఆ మాట, అంటే లిజనర్, ఆ నోడ్‌కే అతుక్కుంటుంది. బటన్ పేరుకో, అది ఉన్న చోటుకో కాదు. ముక్కని మార్చినప్పుడు పాత నోడ్ పోతుంది, దాంతోపాటే లిజనర్ కూడా. కొత్త బటన్ అదే రంగు, అదే పేరు, అదే ఐడీతో వచ్చినా అది వేరే నోడ్. పాత అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లాక అదే ఇంట్లో కొత్తవాళ్లు దిగినట్టు. ఇంటి నంబర్ మారకపోయినా పాతవాళ్ల ఫోన్‌కి చేస్తే ఈ ఇంట్లో మోగదు.

బటన్ల వరకు దీనికి మంచి మందే ఉంది. లిజనర్‌ని బటన్‌కి కాకుండా, ఎప్పుడూ మారని పై నోడ్‌కి, అంటే ఫారానికో మొత్తం డాక్యుమెంట్‌కో పెట్టాలి. నొక్కు కింది నుంచి పైకి పాకుతూ వస్తుంది కాబట్టి, నొక్కింది ఎవరో అక్కడ చూసుకుని పని చెయ్యొచ్చు. దీన్నే ఈవెంట్ డెలిగేషన్ అంటారు. జేక్వెరీ దీనికోసం 2009లో 1.3 వెర్షన్‌లో ‘లైవ్’ అనే పద్ధతి తెచ్చింది. 2011లో 1.7తో వచ్చిన ‘ఆన్’ దాని స్థానం తీసుకుంది. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోవాలి. గడిలోకి కర్సర్ వచ్చినప్పుడు వచ్చే ‘ఫోకస్’, వదిలినప్పుడు వచ్చే ‘బ్లర్’ పైకి పాకవు. వాటికి బదులు ‘ఫోకస్ ఇన్’, ‘ఫోకస్ అవుట్’ వాడుకోవాలి. ఇది తెలియక ఒక పూటంతా పోగొట్టుకున్నవాళ్లు చాలామందే ఉంటారు.

టైప్ చేసి వెతికే డ్రాప్‌డౌన్, క్యాలెండర్ లాంటి వాటికి డెలిగేషన్ చాలదు. అవి లిజనర్‌తో ఆగవు. మామూలు గడిని దాచేసి దాని పక్కన తమ సొంత నిర్మాణం కట్టుకుంటాయి. కాబట్టి ముక్క వచ్చాక ఎవరో ఒకరు వాటిని లేపాలి. అందరికీ ముందు తట్టేది సులువు దారి: ముక్క మారిన ప్రతిసారీ మొత్తం పేజీకి ఆ లేపే ఫంక్షన్‌ని మళ్లీ నడిపించడం. అప్పుడు కొత్త ముక్కలోవి లేస్తాయి. కానీ ముక్క బయట అప్పటికే లేచి ఉన్నవి రెండోసారి లేస్తాయి. తేదీ గడికి రెండు క్యాలెండర్లు వస్తాయి. ఇది కంటికి కనపడుతుంది కాబట్టి నయం. కనపడనిది ప్రమాదం. ‘బుక్ చెయ్యి’ బటన్‌కి రెండో లిజనర్ అతుక్కుంటే, ఒక్క నొక్కుకి రెండు బుకింగులు పోతాయి. రాష్ట్రం మూడుసార్లు మార్చి చూసిన కస్టమర్‌కి నాలుగు రసీదులు. మాటిమాటికీ మనసు మార్చుకునేవాళ్లకే ఇది జరుగుతుంది. అలా మార్చుకోకుండా పరీక్షించిన డెవలపర్‌కి ఎప్పుడూ ఎదురుకాదు.

అందుకే లేపే ఫంక్షన్‌కి రెండు గుణాలు ఉండాలి. మొత్తం పేజీని కాకుండా, వచ్చిన ముక్కని మాత్రమే తీసుకుని అందులోనే వెతకాలి. ఒకే గడిని పదిసార్లు లేపినా ఒక్కసారి లేపినట్టే ఉండాలి. రెండోదానికి చాలామంది గడి మీదే ‘లేపేశాం’ అని ఒక డేటా గుర్తు పెడతారు. ఇందులో ఒక గోతి ఉంది. హాట్‌వైర్‌లో భాగమైన టర్బో లాంటి లైబ్రరీలు, వెనక్కి బటన్ నొక్కితే వెంటనే చూపించడానికి పేజీ నకలు తీసి దాచుకుంటాయి. నకలులోకి గుర్తు వస్తుంది, లిజనర్లు మాత్రం రావు. వెనక్కి వచ్చిన పేజీలో గడి మీద ‘లేపేశాం’ అని రాసి ఉంటుంది కాబట్టి ఎవరూ దాని జోలికి పోరు. గడి నిద్రలోనే ఉండిపోతుంది. గుర్తుని హెచ్‌టీఎంఎల్‌లో కాకుండా జావాస్క్రిప్ట్‌లో ‘వీక్‌మ్యాప్’ అనే చిట్టాలో నోడ్ పేరిట రాసుకుంటే ఈ గొడవ ఉండదు. నకలు నోడ్ కొత్తది కాబట్టి ఆ చిట్టాలో దాని పేరు ఉండదు, మళ్లీ లేపుతారు. పాత నోడ్ పోతే చిట్టాలో దాని లెక్కా దానంతటదే చెరిగిపోతుంది.

లేపడం గురించి ఇంత శ్రద్ధ పెట్టేవాళ్లు కూడా నిద్రపుచ్చడం మరిచిపోతారు. క్యాలెండర్ తన బొమ్మని గడి పక్కన కాకుండా బాడీ చివర్లో కట్టుకోవడం మామూలే, పక్క గడుల వెనక దాక్కోకుండా ఉండడానికి. ముక్కని తీసేస్తే గడి పోతుంది గానీ బాడీ చివర ఉన్న బొమ్మ పోదు. యజమాని లేని క్యాలెండర్ తెర మీద తేలుతూ ఉంటుంది. విండో సైజు మారితే చూడమని పెట్టిన లిజనర్, ప్రతి సెకనుకీ కొట్టే టైమర్, ఇవీ అంతే. పొద్దున్న తెరిచిన బుకింగ్ పేజీని రాత్రి దాకా మూయని ఆఫీసుల్లో సాయంత్రానికి కంప్యూటర్ బరువెక్కడానికి ఇదొక కారణం. కాంపోనెంట్ పుట్టేటప్పుడే ఒక ‘అబార్ట్ కంట్రోలర్’ (పనుల్ని రద్దు చేసే బ్రౌజర్ సదుపాయం) చేసుకుని, పెట్టే ప్రతి లిజనర్‌కీ దాని సిగ్నల్ ఇవ్వడం మంచి అలవాటు. పోయేటప్పుడు ఒక్క మాట చెబితే లిజనర్లన్నీ ఒకేసారి ఊడిపోతాయి. టైమర్‌నీ బాడీ చివరి బొమ్మనీ కూడా అదే చోట తీసేయాలి.

మరి పుట్టిన సంగతీ పోయిన సంగతీ కాంపోనెంట్‌కి ఎవరు చెబుతారు? లైబ్రరీ చెప్పొచ్చు. హెచ్‌టీఎంఎక్స్ కొత్త ముక్క పెట్టాక ‘లోడ్’ అనే సొంత ఈవెంట్ పంపుతుంది. మన చేతిలో లేని కోడ్ ముక్కల్ని మారుస్తుంటే, పేజీలో మార్పుల్ని గమనించే ‘మ్యుటేషన్ అబ్జర్వర్’ని కాపలా పెట్టొచ్చు. అయితే ఈ రెంటికన్నా బ్రౌజర్ చేతే చెప్పించుకోవడం మేలు. కస్టమ్ ఎలిమెంట్స్ ఉన్నది ఇందుకే. ‘బ్లాక్-గడి’ లాంటి మన సొంత ట్యాగ్‌కి ఒక క్లాస్ రాసి బ్రౌజర్‌కి ఒప్పజెబితే, ఆ ట్యాగ్ పేజీలోకి ఏ దారిన వచ్చినా ‘కనెక్టెడ్ కాల్‌బ్యాక్’ని బ్రౌజరే పిలుస్తుంది. పోతే ‘డిస్‌కనెక్టెడ్ కాల్‌బ్యాక్’ని పిలుస్తుంది. పేజీ మొదట లోడ్ అయినా, ముక్కగా వచ్చినా, వెనక్కి బటన్‌తో వచ్చినా తేడా లేదు. రేపు హెచ్‌టీఎంఎక్స్ తీసేసి ఇంకోటి పెట్టినా ఆ గడి కోడ్ ముట్టుకోనక్కర్లేదు. కాంపోనెంట్‌కి తన బతుకు సంగతి తనకే తెలియాలి అన్న సూత్రానికి ఇంతకన్నా దగ్గరి పనిముట్టు ప్రస్తుతం బ్రౌజర్లో లేదు.

అక్కడా రెండు ముళ్లున్నాయి. స్క్రిప్ట్ పేజీ పైభాగంలో ముందే నడిచిపోతే, బ్రౌజర్ ఆ ట్యాగ్ మొదలు కనపడగానే కనెక్టెడ్ అని పిలుస్తుంది. ట్యాగ్ లోపలి గడి ఇంకా చదివి ఉండదు. కోడ్ లోపల వెతికితే ఏమీ దొరకదు. అదే ముక్కగా వచ్చినప్పుడు లోపలివన్నీ అప్పటికే ఉంటాయి. అంటే ముక్కతో పనిచేసి, మొదటి లోడ్‌లో పనిచేయని వింత, మనం ఇంతసేపు మాట్లాడుకున్నదానికి సరిగ్గా తలకిందులు. స్క్రిప్ట్‌ని ‘డిఫర్’తో పెడితే పేజీ మొత్తం చదివాకే నడుస్తుంది కాబట్టి ఇది పోతుంది. ఇక రెండో ముల్లు: ఉన్న నోడ్‌ని ఒక చోటు నుంచి ఇంకో చోటుకి జరిపినా బ్రౌజర్ దృష్టిలో అది పోయి మళ్లీ వచ్చినట్టే. సరుకు పట్టికలో వరసలు పైకీ కిందకీ మార్చినా ప్రతి గడీ నిద్రపోయి లేస్తుంది. 2025లో క్రోమ్ 133తో వచ్చిన ‘మూవ్ బిఫోర్’ దీనికి జవాబు. క్లాస్‌లో ‘కనెక్టెడ్ మూవ్ కాల్‌బ్యాక్’ కూడా రాసుకుని దాంతో జరిపితే లోపలి స్థితి చెదరదు. అయితే అన్ని బ్రౌజర్లలో ఉందని నమ్మి దీన్నే ఆధారం చేసుకోకూడదు. ఉంటే వాడుకుని, లేకపోతే పాత దారిన పోయేలా రాయాలి.

ముక్కలో వచ్చే స్క్రిప్ట్ ట్యాగుల సంగతి ఒక్క మాటలో. ‘ఇన్నర్ హెచ్‌టీఎంఎల్’ ద్వారా పెట్టిన స్క్రిప్ట్ నడవదు, హెచ్‌టీఎంఎల్ ప్రమాణమే అలా చెబుతుంది. జేక్వెరీ, హెచ్‌టీఎంఎక్స్ మాత్రం వాటిని పనిగట్టుకుని నడిపిస్తాయి. ఒకే ముక్క ఒక చోట పనిచేసి ఇంకో చోట పనిచేయకపోతే ముందు చూడాల్సింది ఇదే. అసలు ముక్కల్లో స్క్రిప్టులు పెట్టకపోవడమే మంచిది.

ఇప్పటిదాకా చెప్పింది కాంపోనెంట్ సంగతి. టైప్ చేస్తున్న మనిషి సంగతి ఇంకా ముఖ్యం. ఈ విషయంలో తెలుగులో టైప్ చేసేవాళ్లకి తగిలే దెబ్బ ఇంగ్లీషులో టైప్ చేసేవాళ్లకి అంతగా తగలదు. పంపేవారి పేరు గడిలో ‘లక్ష్మి’ అని కొడుతున్నారనుకుందాం. కంటికి రెండే అక్షరాలు. యూనికోడ్‌లో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు. ఫోన్లోనో కంప్యూటర్లోనో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగులోకి మార్చుకునే కీబోర్డు వాడితే, మాట పూర్తయ్యేదాకా అది కింద గీతతో పచ్చిగా ఉంటుంది. ఈ పచ్చి దశని బ్రౌజర్ ‘కంపోజిషన్’ అంటుంది. ప్రతి అక్షరానికీ సర్వర్‌ని అడిగి, జవాబు రాగానే గడితో సహా మొత్తం ముక్కని మార్చే పేజీ ఉంటే, మాట సగంలో ఉండగానే గడి మారిపోతుంది. కొత్త గడికి ఆ పచ్చి మాట సంగతి తెలియదు. కీబోర్డు పట్టుకున్న తీగ తెగిపోతుంది. ‘లక్ష్’ దగ్గర మాట విరిగిపోతుంది, లేదా కొట్టిన అక్షరాలు మాయమవుతాయి, లేదా కీబోర్డే కిందికి దిగిపోతుంది. ఇంగ్లీషు పేరుతో కంప్యూటర్ మీద పరీక్షించిన చోట ఇదేమీ కనపడదు. ఒడియా కొట్టేవాళ్లదీ ఇదే బాధ.

మందు రెండు రకాలు. ‘కంపోజిషన్ మొదలైంది’, ‘ముగిసింది’ అనే ఈవెంట్లు వినిపించుకుని, మధ్యలో సర్వర్‌ని అడగకుండా ఆగడం మొదటిది. పనిచేస్తుంది, కానీ ఆండ్రాయిడ్ కీబోర్డులు ఇంగ్లీషు మాటని కూడా చాలాసార్లు కంపోజిషన్‌గానే పట్టుకుంటాయి. అప్పుడు స్పేస్ కొట్టేదాకా వెతుకులాట మొదలవదు. అంతకన్నా సూటైన దారి, టైప్ చేసే గడిని మారే ముక్కలో పెట్టకపోవడం. గడి ఒక చోట, దొరికిన పేర్ల జాబితా దాని కింద వేరే చోట. జవాబు వస్తే జాబితా మాత్రమే మారాలి. ముక్క సరిహద్దు ఎక్కడ గీయాలి అన్న ప్రశ్నకి తెలుగు కీబోర్డు ఇచ్చే జవాబు ఇది: మనిషి చెయ్యి ఉన్నచోటు ముక్కకి బయట ఉండాలి.

‘కనీసం మూడు అక్షరాలు కొడితే వెతుకు’ అన్న నిబంధన కూడా ఇక్కడ తప్పుతుంది. ‘శ్రీ’ ఒక్కటే అక్షరం, కానీ లెక్కలో నాలుగు. శ్రీనివాస్‌లూ శ్రీదేవిలూ శ్రీరాములూ అందరూ ఒకే అక్షరానికి తెర మీదికి వచ్చేస్తారు. ముక్కని మార్చాక కర్సర్‌ని పాత స్థానంలో పెట్టే కోడ్ కూడా ఈ లెక్కనే నమ్ముకుంటుంది కాబట్టి, సర్వర్ పేరుని కొద్దిగా సవరించి పంపితే కర్సర్ సంయుక్తాక్షరం మధ్యలో వాలుతుంది. అప్పుడు ఇంకో అక్షరం కొడితే వత్తు విడిపోయి పొల్లు బయటపడుతుంది.

పాత ముక్కని తీసి కొత్తది పెట్టడానికి బదులు, రెంటినీ పోల్చి తేడా ఉన్నచోటే మార్చే పద్ధతి ఇంకోటి ఉంది. మార్ఫింగ్ అంటారు. మార్ఫ్‌డామ్, ఇడియోమార్ఫ్ లాంటి లైబ్రరీలు ఈ పని చేస్తాయి. 2024లో వచ్చిన టర్బో 8 ఇడియోమార్ఫ్‌నే వాడుకుంది. నోడ్ మారదు కాబట్టి కర్సర్, స్క్రోల్, సగం కొట్టిన మాట మిగులుతాయి. చాలా మంచి పద్ధతే, కానీ ఏ పాత నోడ్ ఏ కొత్త నోడ్‌కి జోడీయో అది ప్రధానంగా ఐడీని చూసి తేల్చుకుంటుంది. ఐడీలు పేర్లతో కట్టారో, ఈ సరిహద్దులో దొరికిపోతారు. గజపతి జిల్లాలో ఏడు బ్లాకులు: గోసాని, గుమ్మ, కాశీనగర్, మోహన, నువాగడ, రామగిరి ఉదయగిరి, రాయగడ. ఆ చివరిది పక్కనున్న రాయగడ జిల్లా కాదు, గజపతిలోనే ఉన్న ఒక బ్లాక్. రాయగడ జిల్లాలోనూ రాయగడ అనే బ్లాక్ ఉంది. కౌంటర్‌లో ముందు గజపతి జిల్లా, రాయగడ బ్లాక్ ఎంచుకుని, తర్వాత జిల్లాని రాయగడకి మార్చారనుకుందాం. రెండు ముక్కల్లోనూ ‘బ్లాక్-రాయగడ’ అనే ఐడీయే ఉంటే, మార్ఫింగ్ రెండూ ఒకటే అనుకుని పాత ఎంపికని అలాగే ఉంచేసే అవకాశం ఉంది. జిల్లా మారింది కాబట్టి బ్లాక్ మళ్లీ అడగాల్సింది, అడగదు. గుణుపురం పోవాల్సిన చింతపండు బస్తాల రసీదు మీద రాయగడ అని పడుతుంది. ఇలాంటి చోట పేరు బదులు కోడ్ వాడాలి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకీ బ్లాకుకీ ఊరికీ వేరువేరు కోడ్ ఉంటుంది. రెండు రాయగడలు అక్కడ కలిసిపోవు.

ఆ జాబితాలు బ్రౌజర్లో దాచుకోకుండా సర్వర్ నుంచే ముక్కగా రప్పించుకోవడానికి ఇంకో కారణం కూడా ఇక్కడే కనపడుతుంది. జిల్లాలు మారతాయి. గజపతి, రాయగడ జిల్లాలు 1992 అక్టోబరు 2న పుట్టాయి. అవతల ఆంధ్రాలో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి, సరిహద్దును ఆనుకుని పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. జాబితా సర్వర్లో మార్చితే మర్నాడు కౌంటర్‌లో కొత్త జిల్లా కనపడుతుంది. స్క్రిప్ట్‌లో దాచినదైతే, పాత స్క్రిప్ట్ కాష్‌లో ఉన్న ప్రతి కంప్యూటరూ పాత రాష్ట్రంలోనే ఉంటుంది.

నెట్ నెమ్మదిగా ఉన్నచోట ఇంకో తమాషా జరుగుతుంది, అది నిజంగా టెన్షన్ పెట్టేది. వెతికే గడిలో ‘గుమ్మ’ అని కొట్టగానే ఒక అభ్యర్థన వెళ్లింది. కొట్టడం ఆపకుండా ‘గుమ్మల’ అనగానే రెండోది వెళ్లింది. గజపతిలో గుమ్మ బ్లాక్, అవతల పార్వతీపురం మన్యంలో గుమ్మలక్ష్మీపురం మండలం. రెండో జవాబు ముందొచ్చి గుమ్మలక్ష్మీపురం ఒక్కటే చూపిస్తుంది. రెండు క్షణాలకి మొదటి జవాబు తీరిగ్గా వచ్చి దాని మీద కూర్చుంటుంది, ఇప్పుడు జాబితాలో మొదటి వరస గుమ్మ. అదే క్షణంలో మొదటి వరస మీద వేలు పడితే పార్శిల్ వేరే రాష్ట్రానికి పోతుంది. అడిగిన వరసలోనే జవాబులు వస్తాయన్న హామీ నెట్‌వర్క్ ఇవ్వదు. కొత్తది పంపేముందు పాతదాన్ని రద్దు చెయ్యాలి, హెచ్‌టీఎంఎక్స్‌లో ‘సింక్’ అనే అట్రిబ్యూట్‌తో (ట్యాగ్ మీద రాసే గుర్తుతో) ఇది ఒక్క మాటలో అవుతుంది. చేత్తో రాసేవాళ్లకి ఇందాకటి అబార్ట్ కంట్రోలరే ఇక్కడా పనికొస్తుంది.

మధ్యాహ్నం భోజనానికి వెళ్లొచ్చేసరికి లాగిన్ గడువు తీరిపోయి ఉంటుంది. రాష్ట్రం మారిస్తే సర్వర్ లాగిన్ పేజీకి దారి మళ్లిస్తుంది, బ్రౌజర్ చప్పుడు చేయకుండా ఆ దారినే పోయి మొత్తం లాగిన్ పేజీని తెచ్చి బ్లాక్ గడి ఉండాల్సిన చోట ఇరికిస్తుంది. లోగోతో, మెనూతో సహా. ముక్క అడిగినవాళ్లకి సర్వర్ దారి మళ్లించకూడదు. ‘లాగిన్ లేదు’ అన్న 401 కోడ్ ఇవ్వాలి, లేదా పేజీ మొత్తాన్ని లాగిన్‌కి తీసుకుపొమ్మని హెడర్‌లో చెప్పాలి.

ఇక చూపు లేనివాళ్ల సంగతి. ముక్క మారిందని కంటితో చూసేవాళ్లకి తెలుస్తుంది, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకి తెలియదు. కిరాయి మొత్తం మారితే చదివి వినిపించడానికి ‘ఏరియా లైవ్’ అనే అట్రిబ్యూట్ ఉంది. చాలామంది దాన్ని ముక్కలోపలే పెట్టి ముక్కతోపాటు మార్చేస్తారు. అప్పుడే పుట్టిన లైవ్ ప్రాంతాన్ని స్క్రీన్ రీడర్ చాలాసార్లు పట్టించుకోదు. ఆ ప్రాంతం పేజీలో మొదట్నుంచీ ఖాళీగానైనా ఉండాలి, లోపలి మాట మాత్రమే మారాలి. ఫోకస్ ఉన్న బటన్ ముక్కతోపాటు పోతే ఫోకస్ బాడీకి వెళ్లిపోతుంది. ట్యాబ్ కొడితే కొన్నిసార్లు మళ్లీ పేజీ మొదట్నుంచి మొదలు. ముక్క పెట్టాక ఫోకస్ ఎక్కడికి వెళ్లాలో తేల్చడం కాంపోనెంట్ పనే.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మామూలు. కాబట్టి తెలుగు పేజీలోకి ఒడియా ముక్క రావడం వింతేమీ కాదు. అలా వచ్చే ముక్క తన భాష ఏదో తన మీదే ‘లాంగ్’ అట్రిబ్యూట్‌తో రాసుకుని రావాలి. పేజీ మీద రాసిన ‘టీఈ’ని (తెలుగు అని చెప్పే కోడ్‌ని) నమ్ముకుంటే స్క్రీన్ రీడర్ ఒడియా పేరుని తెలుగు గొంతుతో చదవబోయి తడబడుతుంది. ఫాంటుదీ ఇలాంటి కథే. ఒడియా అక్షరం పేజీలో మొదటిసారి కనపడినప్పుడే ఆ ఫాంటు దిగడం మొదలవుతుంది. ఈలోపు డ్రాప్‌డౌన్ తన ఎత్తు కొలుచుకుని కూర్చుంటుంది. ఫాంటు వచ్చాక అక్షరాల అడుగు తెగిపోయి కనపడుతుంది. ఫాంటు దిగిందో లేదో బ్రౌజర్‌ని అడిగి, దిగాక మళ్లీ కొలుచుకునే రెండు వరసల కోడ్ చాలు, కానీ ఆ రెండు వరసలు ఉండాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్‌ని బాగా నెమ్మదిగా పెట్టాలి. తెలుగు కీబోర్డుతో పేరు గడిలో ‘లక్ష్మి’ కొడుతూ, మాట పూర్తికాకముందే జవాబు వచ్చేలా చూడాలి. రాష్ట్రాన్ని ఆంధ్రా, ఒడిశా, ఆంధ్రా అని పదిసార్లు మార్చి, బాడీ చివర ఎన్ని క్యాలెండర్ బొమ్మలు మిగిలాయో లెక్కపెట్టాలి. వేరే పేజీకి వెళ్లి వెనక్కి రావాలి. అప్పుడు ‘బుక్ చెయ్యి’ ఒక్కసారి నొక్కి, సర్వర్‌లో ఎన్ని బుకింగులు పడ్డాయో చూడాలి.